టీవీ షూటింగులు ‘గ్రీన్’ అవడం వల్ల నిజంగా ఏమైనా మారుతుందా?

మీరు అడిగింది ఇది: విదేశీ టీవీ కార్యక్రమాల చివర ‘పర్యావరణహితంగా తీశాం’ అంటూ లోగో వేస్తున్నారు, వాతావరణ మార్పు మీద అవగాహన కోసమే అంటున్నారు, ఇది పనికొచ్చేదేనా లేక పబ్లిసిటీయా, మన సీరియళ్లలో కుదురుతుందా?

నేను హైదరాబాద్‌లో తెలుగు డైలీ సీరియళ్లకు ప్రొడక్షన్ సైడ్ పనిచేస్తాను. భోజనాలు, బండ్లు, డీజిల్ బిల్లులు మా నెత్తిమీదే ఉంటాయి, కాబట్టి నాకు తెలిసిందంతా ఆ వైపు నుంచే. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, కెమెరా వెనక చేసేది చాలావరకు నిజమే, ఎందుకంటే అది బిల్లులో కనిపిస్తుంది. కెమెరా ముందు చెప్పేదే ఎక్కువగా తేలిపోతుంది.

మీరు చూసిన లోగో బహుశా బ్రిటన్ వాళ్ల ‘ఆల్బర్ట్’ అనే సంస్థది. అక్కడి సినిమా, టీవీ అవార్డులిచ్చే బాఫ్టా ఆధ్వర్యంలో 2011లో మొదలైంది. ప్రయాణాలు, కరెంటు, జనరేటర్ డీజిల్, హోటల్ గదులు, సెట్ సామాను అన్నీ ఒక క్యాలిక్యులేటర్‌లో వేసి, ఎంత తగ్గిస్తారో ముందే ప్లాన్ ఇవ్వాలి. 2022 నుంచి బీబీసీ తన కొత్త కార్యక్రమాలకు ఈ సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. ఆల్బర్ట్ లెక్కల ప్రకారం 2019లో ఒక గంట కార్యక్రమానికి సగటున 9 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడింది. 2020లో కోవిడ్‌తో ప్రయాణాలు ఆగిపోయేసరికి అది సగానికి పడిపోయింది. అసలు దొంగ ఎవరో దాంతోనే తెలిసిపోయింది కదా. అమెరికాలో ‘24’ సీరియల్ అంతకుముందే, 2009లో, ఏడో సీజన్‌కి ‘కార్బన్ న్యూట్రల్’ (అంటే వదిలిన కార్బన్‌కి సరిపడా లెక్క సరిచేశాం) అని ప్రకటించుకుంది. జనరేటర్లకీ ట్రక్కులకీ బయోడీజిల్ కలిపి వాడారు, తగ్గించలేని దానికి కార్బన్ క్రెడిట్లు కొన్నారు, అంటే ఇంకెక్కడో కార్బన్ తగ్గించే పనులకు డబ్బు కట్టారు. బయోడీజిల్ వరకు సరే. క్రెడిట్ల సంగతి మాత్రం నాకు హుండీలో డబ్బులేసి పాపం కడుక్కున్నట్టే అనిపిస్తుంది.

మన దగ్గర కూడా ప్రయాణాలు తక్కువేం కాదు. తెలుగు సీరియళ్లలో లీడ్ ఆర్టిస్టులు చాలామంది బెంగళూరు నుంచి వస్తారని మీకు తెలిసే ఉంటుంది. డేట్లు ముక్కలు ముక్కలుగా దొరికితే ఒకే నెలలో అదే మనిషికి రానూపోనూ ఫ్లైట్ టికెట్లు పదేపదే బుక్ చేయాల్సి వస్తుంది. కథ రెండు వారాల ముందే ఖరారైతే డేట్లన్నీ ఒకచోట కలుపుకోవచ్చు, అందరూ ఒకే ఫ్లైట్‌లో రావచ్చు. కానీ మనకు సీన్ పేపర్ చాలాసార్లు షూటింగ్ రోజు పొద్దున్నే చేతికొస్తుంది. టీఆర్పీ తగ్గిందంటే ట్రాక్ మారిపోతుంది, ఊరెళ్లిన విలన్‌ని వెంటనే వెనక్కి పిలిపించాలి. అందుకే నన్నడిగితే మన సీరియళ్లలో పొల్యూషన్ తగ్గించగలిగిన మొదటి మనిషి రైటరే!

ఇక జనరేటర్. షూటింగ్ జరిగే ఇంటి పక్కన పొద్దున్నుంచి రాత్రి దాకా మోత పెడుతూ నిలబడే ఆ వ్యాన్‌ని మీరూ చూసే ఉంటారు. ఇంట్లో కరెంటుండగా అదెందుకని అందరూ అడుగుతారు. మణికొండ వైపు మేం అద్దెకు తీసుకునే ఇళ్ల మీటర్లు మా లైట్ల లోడు మోయలేవు. పాత టంగ్‌స్టన్ లైటు ఒక్కోటి 2000 వాట్లు. హాల్లో పెళ్లిచూపుల సీన్ అంటే అలాంటివి నాలుగైదు వెలగాలి. ఆ వేడికి మేకప్ కారిపోతుంది, కారకుండా ఏసీ వేయాలి, ఆ ఏసీకి మళ్లీ డీజిల్ తాగించాలి. ఎల్ఈడీ ప్యానెల్స్ వచ్చాక దాదాపు అదే వెలుతురు 400 వాట్లకు అటూఇటుగా వచ్చేస్తోంది. ఇంటి లోపలి సీన్లు కొన్ని ఇప్పుడు ఆ ఇంటి కరెంటు మీదే లాగించేస్తున్నాం. వాతావరణ మార్పు గురించి మాట్లాడినప్పుడు మా నిర్మాత ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. డీజిల్ బిల్లు ముందు పెట్టాక, తర్వాతి షెడ్యూల్‌కే లైట్లు మార్పించారు. మేకప్ రూముల్లో ఏసీలు మాత్రం ఆర్టిస్టు సెట్లో ఉన్నా ఆడుతూనే ఉంటాయి. వాటి జోలికెళ్లే ధైర్యం ఏ మేనేజర్‌కీ లేదు.

వాటర్ బాటిళ్ల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. 20 లీటర్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు పెడితే ఆ గొడవ చాలావరకు వదిలిపోతుంది.

అవగాహన సంగతికొస్తే, 2021 నవంబర్‌లో గ్లాస్గోలో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు ‘కాప్26’ జరుగుతున్నప్పుడు బ్రిటన్‌లో ఏడు సీరియళ్లు కలిసి ఒకే వారంలో ఈ విషయం మీద సీన్లు వేశాయి. ఈస్ట్ఎండర్స్, కొరొనేషన్ స్ట్రీట్, ఎమర్‌డేల్ లాంటి పేరున్నవే అన్నీ. ఒక సీరియల్ ప్రస్తావన ఇంకో సీరియల్‌లో వచ్చేలా కలిపారు. పోటీ ఛానెళ్లు అలా చేతులు కలపడం గొప్పే. కానీ ఒక్క వారం ముచ్చటతో ఎవరి అలవాట్లు మారతాయి? మన దగ్గర జూన్ 5న, పర్యావరణ దినోత్సవం రోజు, హీరోయిన్‌తో మొక్క నాటించే సీన్ వేస్తారు. ఆ మొక్క చాలాసార్లు నర్సరీ నుంచి అద్దెకు తెచ్చిందే. కుండీతో సహా గుంటలో పెట్టి చుట్టూ మట్టి కప్పుతారు, ప్యాకప్ అయ్యాక ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాళ్లు పైకి తీసి, కడిగి, ఆటోలో వెనక్కి పంపేస్తారు.

డైలాగు లేకుండా చేసేదే జనానికి ఎక్కుతుందని నా నమ్మకం. చూసేవాళ్లు బ్లౌజ్ డిజైన్ గుర్తుపెట్టుకుంటారు, పూజగది తలుపుకి వేలాడే గంటల్ని కూడా గుర్తుపెట్టుకుంటారు. ఒకసారి కూరగాయల సీన్‌లో కోడలి పాత్రకి గుడ్డ సంచి ఇచ్చాం. ఛానెల్ నుంచి ‘రిచ్‌గా లేదు, కవర్ ఇవ్వండి’ అని ఫోన్. కాస్ట్యూమర్ తెలివైనవాడు, కలంకారీ సంచి తెచ్చి పెట్టాడు, ఛానెల్ వాళ్లు మరి మాట్లాడలేదు. ఎపిసోడ్ వెళ్లాక ఆ అమ్మాయి ఇన్‌స్టాలో ‘ఆ బ్యాగ్ ఎక్కడ కొన్నారు అక్కా’ అని కామెంట్లు వచ్చాయి. ఆ సంచి ఇప్పుడు ఆ పాత్రకి పర్మనెంట్.

కాబట్టి కుదురుతుంది. మీరు ఈ ఫీల్డ్‌లోకి వస్తుంటే, ముందు ఎపిసోడ్‌కి ఎన్ని లీటర్ల డీజిల్, ఎన్ని టికెట్లు అయ్యాయో రాసి పెట్టుకోండి, నిర్మాతతో మాట్లాడటానికి అదొక్కటి చాలు. హీరోయిన్‌కి ఒకే చీర రెండోసారి కట్టించడానికి మాత్రం ఇంతవరకూ ఏ ఛానెలూ ఒప్పుకోలేదు.