బొమ్మలు వేయడం రాని టీచరు బొమ్మలతో పాఠం చెప్పగలరా?

మీరు అడిగింది ఇదీ: 3, 4, 5 తరగతులు చెప్తున్నారు. కళలను అన్ని సబ్జెక్టులతో కలిపి చెప్పమంటున్నారు. మీకేమో బొమ్మలు రావు, సిలబస్ వెనకబడిపోతుందని టెన్షన్. నేను విశాఖలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మా బళ్ళోనూ డ్రాయింగ్ మాస్టారు లేరు, నా చేతి బొమ్మలూ అంతంతమాత్రమే. అందుకే నా అనుభవం మీకు పనికొస్తుందనుకుంటున్నాను.

మీకు బొమ్మలు రాకపోవడం అసలు ఇబ్బందే కాదు. బాగా వేసే టీచరు బోర్డు మీద వేస్తే పిల్లలంతా దాన్నే చూసి దించేస్తారు. మనం వేయలేకపోతే వాళ్ళే వస్తువును చూసి వేయాలి.

కళలను సబ్జెక్టులతో కలపాలన్న మాట 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం నుంచీ వింటూనే ఉన్నాం, 2020 జాతీయ విద్యా విధానం ఇంకా గట్టిగా చెప్పింది. ఆచరణలో మాత్రం చాలాచోట్ల ఇది పాఠం అయిపోయాక చార్టు మీద బొమ్మ వేయించి రంగులద్దించడంగా మారింది. అలా చేస్తే సిలబస్ వెనకబడుతుంది మరి, ఎందుకంటే అది పాఠం మీద అదనంగా పడే పని. నేను బొమ్మను పాఠం మొదట్లో పెడతాను. ఏ పని తలపెట్టినా ఒకటే చూసుకుంటాను: ఈ బొమ్మ తీసేస్తే పాఠంలో ఏమైనా తగ్గుతుందా? ఏమీ తగ్గదనిపిస్తే ఆ బొమ్మ జోలికి పోను.

పరిసరాల విజ్ఞానంలో జంతువుల గురించి చెప్పేటప్పుడు చూడండి. చేప బొమ్మ వేయమంటే పిల్లలందరూ ఒకేలా వేస్తారు: కోడిగుడ్డు ఆకారం, వెనక ఒక త్రిభుజం, ముందు ఒక చుక్క. రోజూ చేపల మధ్య తిరిగే జాలరి ఇళ్ళ పిల్లలు కూడా బళ్ళోకి వచ్చేసరికి అదే వేస్తారు. ముందు ఆ బొమ్మ వేయించి పక్కన పెట్టించాను. తర్వాత బజారులో కొన్న రెండు కానాగంతలు, ఒక చందువ పాత పేపరు మీద పరిచాను. ముట్టుకోండి, తిప్పి చూడండి, చూసిందే వేయండి, రబ్బరు మాత్రం ముట్టుకోవద్దు అన్నాను.

కాసేపు గోల, ముక్కులు మూసుకోవడాలు అయ్యాయి. ఆ తర్వాత, "టీచర్, దీనికి తోక దగ్గర బుల్లి రెక్కలున్నాయి!" అని ఒక కేక. లెక్కపెట్టమన్నాను. కానాగంతకు వీపు మీద తోకకు కాస్త ముందు వరుసగా 5 చిన్న రెక్కలుంటాయి, కిందివైపూ 5 ఉంటాయి. ఏళ్ళ తరబడి కూర వండుతున్నా మనం చూడనివి. చందువకు అవి లేవు, దాని ఒళ్ళు వెడల్పు, పలచన. మరి రెండింట్లో ఏది వేగంగా ఈదుతుంది అంటే క్లాసు రెండు పార్టీలైంది. తండ్రులు వేటకు వెళ్ళే పిల్లలు కానాగంతలు గుంపుగా ఎలా వస్తాయో, వలలో ఎలా పడతాయో చెప్పుకుపోయారు. మొప్ప మూత ఎత్తితే లోపల ఎర్రటి పోగులు కనిపించాయి. అవెందుకు అన్న ప్రశ్న వాళ్ళ నోటి నుంచే వచ్చింది. ఇక పుస్తకంలో ఉన్న పేరాలు చదివించడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండో బొమ్మకు భాగాల పేర్లు రాయించాను. ఎవరికి ఏది అర్థమైందో, ఎవరికి కాలేదో ఆ కాగితం చూస్తేనే తెలిసిపోతుంది, వేరే స్లిప్ టెస్టు అక్కర్లేదు.

లెక్కల్లో నాకు బాగా అక్కరకొచ్చింది ముగ్గు. వరండాలో సుద్దముక్కతో చుక్కలు పెట్టించండి. మధ్య వరుసలో 7, ఎదురు చుక్క 1 వచ్చేవరకు. అంటే పైకి 5, 3, 1, కిందికి 5, 3, 1. మొత్తం ఎన్ని? మూడో తరగతి వాళ్ళు ఒక్కొక్కటే లెక్కపెడతారు. నాలుగో తరగతిలో కొందరు 5, 3, 1 రెట్టింపు చేసి 7 కలుపుతారు. 25 వస్తుంది. ఇప్పుడు ఏటవాలుగా చూసి, వరుస విడిచి వరుసకు రెండో రంగు సుద్ద వాడమనండి. ఒక రంగులో నాలుగేసి చుక్కలున్న వరుసలు 4, ఇంకో రంగులో మూడేసి చుక్కలున్న వరుసలు 3 వస్తాయి. నాలుగు నాలుగులు 16, మూడు మూళ్ళు 9, కలిపితే మళ్ళీ 25. ఇది కళ్ళ ముందు తేలినప్పుడు పిల్లల మొహాలు చూడాలి! అదే 7 చుక్కలకు సందు చుక్క (రెండు చుక్కల మధ్య సందులో ఒకటి చొప్పున) 4 వచ్చేవరకు పెడితే 37 ఎందుకవుతుందో ఐదో తరగతికి వదిలేయండి, వాళ్ళే తేల్చుకుంటారు. "ముగ్గులు ఆడపిల్లలవి కదా టీచర్" అని మొదట్లో ఒకరిద్దరు మగపిల్లలు నసుగుతారు. లెక్క మొదలయ్యాక ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

పటాలు చదవడం నేర్పేటప్పుడు అసలు చిక్కు ఏమిటంటే, పిల్లలు రోడ్డును పై నుంచి, ఇళ్ళను ఎదుట నుంచి చూసినట్టు ఒకే కాగితం మీద వేసేస్తారు. అందుకని నీళ్ళ సీసా, టిఫిన్ బాక్సు, చెప్పు నేల మీద పెట్టి, నిలబడి సరిగ్గా పై నుంచి చూసి గీయమంటాను. సీసా కాస్తా ఒకదాంట్లో ఒకటి ఉన్న రెండు సున్నాలైపోతే వాళ్ళకు నవ్వాగదు. తర్వాత క్లాసు గది, ఆ తర్వాత బడికొచ్చే దారి. మా విశాఖలో దీనికి డాల్ఫిన్స్ నోస్‌ కొండని మించిన ఉదాహరణ లేదు. ఆర్కే బీచ్ నుంచి అది ముక్కు సాచిన కొండ. పటంలో సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల. ఇప్పుడు ఏ పటం తెరిచినా "ఇది పక్క నుంచి చూసిందా, పై నుంచి చూసిందా?" అని నాకంటే ముందు వాళ్ళే అంటున్నారు.

సౌష్టవానికి ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి దగ్గర పెట్టుకోండి. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ చెక్కుతారు కాబట్టి కుడిసగం ఎడమసగం ఒకేలా ఉంటాయి. కాగితం మధ్యకు మడిచి, మడత దగ్గర నుంచి సగం అంచు మాత్రమే గీసి కత్తిరించమనండి. విప్పితే పూర్తి బొమ్మ వస్తుంది. మడతకు అవతలి వైపు గీసినవాడికి రెండు ముక్కలొస్తాయి, సౌష్టవ రేఖ ఎక్కడుందో అప్పుడు బాగా ఎక్కుతుంది. ఏటికొప్పాక పక్కన పారే వరాహ నది, లక్క, చెట్ల నుంచి తీసే రంగులు, 2017లో ఈ బొమ్మలకు వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్), ఇవన్నీ మాటల్లోనే చెప్పేయొచ్చు.

తెలుగులో రాయమనే ముందు నాలుగు గళ్ళలో బొమ్మల కథ వేయిస్తాను. ఏం రాయాలో తోచక పెన్సిలు కొరుకుతూ కూర్చోవడం తగ్గింది, అంతే. ఒత్తులకూ ఎక్కాలకూ బొమ్మలు తగిలించడానికి నేను ప్రయత్నించను. వాటికి అభ్యాసమే దారి.

ఖర్చు గురించి కంగారు పడకండి. ఒకవైపు వాడేసిన కాగితాలు, పలకలు, సుద్ద, బొగ్గు, ఇటుక పొడి, పసుపు చాలు. రంగు మట్టి కోసమని విశాఖ దగ్గరున్న ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం మట్టి తేవద్దు, తేనివ్వద్దు. అది భూవారసత్వ స్థలం, అంటే భూమి చరిత్రను చెప్పే, కాపాడుకోవాల్సిన చోటు. ఇంకొకటి, మన సముద్రపు గాలికి గోడమీద చార్టులు నిలవవు, తేమకు చుట్టుకుపోయి ఊడిపడతాయి. నేను ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఒక ఫైలు పెట్టి బొమ్మలన్నీ తేదీ వేసి అందులో ఉంచుతాను. తనిఖీకి వచ్చినవాళ్ళు గోడలు ఖాళీగా ఉన్నాయేమిటంటే ఆ ఫైళ్ళే చేతికిస్తాను. "బొమ్మలు గీయించడమేనా చదువు?" అనే తల్లిదండ్రులకూ అంతే, రెండు చేపల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

అందానికి మార్కులు వేయకండి, స్టార్లు కూడా వద్దు. స్టారు పెట్టిన మరుసటి రోజే క్లాసంతా స్టారు వచ్చిన బొమ్మను దించడం మొదలుపెడుతుంది.

వారానికి ఒక పాఠంతో మొదలుపెట్టండి, అన్ని సబ్జెక్టులూ ఒకేసారి నెత్తిన వేసుకోవద్దు. ముగ్గు ఎప్పుడైనా చేయొచ్చు. చేప పాఠం మాత్రం ఏప్రిల్ 15 లోపే పెట్టుకోండి. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం, కానాగంతలు దొరకడమే కష్టం, దొరికినా ధర చుక్కల్లో ఉంటుంది.