రెండు రూపాయల వడ్డీకి తెచ్చి విదేశీ చదువా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. బీటెక్ ఈసీఈ చేసి మూడేళ్లుగా విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ. దివ్యాంగులకు పనికొచ్చే పరికరాల తయారీ మీద బ్రిటన్‌లో ఏడాది ఎమ్మెస్సీ సీటు వచ్చింది. మొత్తం ఖర్చు 38 లక్షలు. ఎఫ్‌డీ 8 లక్షలు, ఇల్లు తాకట్టు పెట్టి విద్యారుణం 18 లక్షలు. మిగతా 12 లక్షలు నాన్నకు మిర్చి యార్డులో తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. నాన్నకు కిరాణా కొట్టు మీద నెలకు 22,000 వస్తుంది. ఇంటి ఖర్చు 40,000. తీసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. 12 లక్షలకు నెలకు 24,000 వడ్డీ. కొట్టు మీద వచ్చేదంతా తీసుకెళ్లి ఇచ్చినా ఇంకా రెండు వేలు తక్కువే. కట్టకపోతే మూడేళ్లకు నోటు తిరగరాస్తారు. అప్పటికి 12 లక్షలు 20 లక్షల 64 వేలవుతాయి. మళ్లీ దాని మీద వడ్డీ. బ్యాంకు విద్యారుణానికైతే చదువు అయ్యాక కూడా కొంత గడువుంటుంది, పాత పన్ను విధానంలో వడ్డీకి మినహాయింపూ ఉంటుంది. యార్డు ఆయన దగ్గర ఈ రెండూ ఉండవు.

అప్పు కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఎఫ్‌డీ మొత్తం ఊడ్చేయడం. మీ జీతం ఆగిన రోజు నుంచి ఇంట్లో నెలకు 18,000 లోటు. చదువు ఏడాది, ఉద్యోగం దొరికేదాకా ఆరు నెలలు అనుకున్నా 3,24,000. ఈలోగా తమ్ముడి వీల్‌చెయిర్ మార్చాల్సి వస్తే? నాన్న పది రోజులు కొట్టు మూసి ఆసుపత్రిలో ఉంటే? ఆ ఎఫ్‌డీలో 5 లక్షలు లేవనుకోండి. ఫీజుకే కాదు, టికెట్టుకు కూడా ముట్టుకోవద్దు.

ఇక బీమా. ఉత్తరంలో దాని మాటే లేదు. అమ్మానాన్నలు మీ కంపెనీ గ్రూప్ పాలసీలో ఉంటే, మీరు మానేయగానే వాళ్ల కవరేజీ పోతుంది. చాలామంది పిల్లలు ఇక్కడే దెబ్బతింటున్నారు. వీసా టెన్షన్‌లో పడి ఇది మర్చిపోతారు. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందేమో రాజీనామాకు ముందే హెచ్‌ఆర్‌ను అడగండి. నాన్నకు షుగర్, బీపీ ఉంటే కొత్త పాలసీలో వాటికి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటి చికిత్సకు బీమా డబ్బు రాదు. తమ్ముడికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకం కింద లక్ష రూపాయల ఆరోగ్య బీమా దొరుకుతుంది. సెరిబ్రల్ పాల్సీ అందులో ఉంది. ఇప్పటిదాకా చేయించకపోతే ముందు ఆ పని చూడండి.

దారులు వేరే ఉన్నాయి. ఉద్యోగ అనుభవం ఉంది కాబట్టి బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయొచ్చు, కాకపోతే చదువయ్యాక రెండేళ్లు ఇక్కడే ఉండాలి. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. నిలబడే వీల్‌చెయిర్ చేసింది మద్రాస్ ఐఐటీ వాళ్లే, అంధుల కోసం స్మార్ట్‌కేన్ చేసింది ఢిల్లీ ఐఐటీ వాళ్లే.

బ్రిటన్ తప్ప వద్దనుకుంటే సీటు వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారేమో యూనివర్సిటీకి మెయిల్ పెట్టండి. సీటు ఖాయం చేసుకోవడానికి యూనివర్సిటీకి కట్టే డిపాజిట్ కట్టారో లేదో మీరు రాయలేదు. ఇంకా కట్టకపోతే ఆ జవాబు వచ్చేదాకా ఆగండి.