పాపని తెనాలి పంపే ముందు

ఎడిసన్, న్యూజెర్సీ

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే నెల పాపని తెనాలి పంపిస్తున్నారటగా, రెండేళ్లు అక్కడే ఉంచుతారటగా. నీకు కొత్త ఉద్యోగం, అల్లుడుగారికి వారంలో నాలుగు రోజులు వేరే ఊళ్లో పని, పాపని చూసుకునే మనిషి దొరక్క నలిగిపోతున్నావని చెప్పింది. పంపడం తప్పని నేననను. ఆరేళ్ల పిల్ల అమ్మమ్మ ఒళ్లో రెండేళ్లు పెరిగితే దానికి వచ్చే భాష, చనువు మనం ఇక్కడ ఎన్ని ఆదివారాలు క్లాసులకి తిప్పినా రావు. కానీ మీ అమ్మ చివర్లో, "గ్రీన్ కార్డ్ పదేళ్లుంటుందిగా అక్కా, ఇంకేం టెన్షన్" అంది. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. 1997లో నేనూ సరిగ్గా ఆ మాటే అనుకున్నాను.

మా వాడికి అప్పుడు ఏడేళ్లు. మామగారికి పక్షవాతం వస్తే ముగ్గురం గుంటూరు వెళ్లాం. సెలవు అయిపోయి మేమిద్దరం తిరిగొచ్చేశాం, వాణ్ణి మా అమ్మ దగ్గర ఉంచాం. క్రిస్మస్ సెలవులకి వెళ్లి తెచ్చుకుందామని అనుకున్నాం. ఈలోపు మీ పెదనాన్నగారి ఉద్యోగం పోయింది, మామగారికి మళ్లీ తిరగబెట్టింది, ఒకటి కాదు. తీరా నేను వెళ్లేసరికి పద్నాలుగు నెలలు. ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గర అమ్మాయి వాడి పాస్‌పోర్టు తిరగేసి, స్టాంపు దగ్గర ఆగి, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. లెక్కపెట్టి, "ఈ కార్డు మీద బాబుని ఎక్కించలేమండీ" అంది. కార్డు మీద ఇంకా ఎనిమిదేళ్ల గడువుంది. నేను దాన్ని పట్టుకుని చూపిస్తూనే ఉన్నాను. వాడు మెళ్లో వాటర్ బాటిల్ వేసుకుని, "అమ్మా, నాన్న దగ్గరికి వెళ్లట్లేదా" అని అడుగుతున్నాడు. విమానం వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు నెలలు మద్రాసు కాన్సులేట్ చుట్టూ తిరిగాను. అప్పట్లో మనకి హైదరాబాద్ కాన్సులేట్ లేదు, అది 2008లో వచ్చింది. రిటర్నింగ్ రెసిడెంట్ వీసా అని ఒకటుంది, ఎస్‌బీ-1 అంటారు. తిరిగి రావాలన్న ఉద్దేశంతోనే వెళ్లామని, ఆలస్యం మన చేతిలో లేని కారణం వల్ల జరిగిందని కాగితాలతో నిరూపిస్తేనే ఇస్తారు. మామగారి ఆసుపత్రి కాగితాలన్నీ మా అమ్మ ఒక పాత చీరల పెట్టెలో దాచింది కాబట్టి బతికిపోయాం. "పిల్లని చూసుకునే వాళ్లు లేక ఉంచాం, తీరిక కుదరక తెచ్చుకోలేదు" అంటే ఆ వీసా రావడం చాలా కష్టం. నీ పరిస్థితి సరిగ్గా అదే కదా, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కార్డు మీద ఉన్న పదేళ్లు ప్లాస్టిక్ ముక్కకి ఇచ్చిన గడువు. ఆ కార్డు చూపించి దేశంలోకి రావాలంటే బయట ఉన్నది ఏడాది లోపే అయి ఉండాలి. ఏడాది దాటితే అది ప్రయాణానికి పనికిరాదు. పసిపిల్లలకి వేరే మినహాయింపు ఏదీ లేదు. ఆరు నెలలు, అంటే 180 రోజులు దాటినా ఇమ్మిగ్రేషన్ వాళ్లు కొత్తగా లోపలికి అనుమతి అడుగుతున్న మనిషిగా చూసి ప్రశ్నలు వేయొచ్చు.

దీనికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం నీకు ఇప్పటికే ఎవరో చెప్పి ఉంటారు: "ఆరు నెలలకోసారి తెచ్చి, వారం ఉంచి పంపించెయ్, ఏం కాదు." దాన్ని నమ్ముకోకు తల్లీ. వాళ్లు చూసేది రోజుల లెక్క ఒక్కటే కాదు. ఈ పిల్ల ఇల్లు ఎక్కడ, ఎందుకు వెళ్లింది, ఎప్పటికి తిరిగొస్తుందని ముందే అనుకున్నారా, అనుకున్నట్టు జరుగుతోందా, ఇవన్నీ కలిపి చూస్తారు. వారం ఉండి వెళ్లిపోయే పిల్ల ఇక్కడికి చుట్టపుచూపుగా వస్తున్నట్టే కనిపిస్తుంది.

చిన్నపిల్లకి ఉద్దేశం ఏముంటుంది అంటావేమో. దాని ఉద్దేశం మీ ఉద్దేశమే. 1980లో జమోరా అనే కేసులో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఈ మాట తేల్చింది. పిల్ల ఎవరి సంరక్షణలో ఉందో ఆ తల్లిదండ్రుల మనసులో ఉన్నదే పిల్లకీ వర్తిస్తుంది. తల్లి ఇక్కడి నివాసం వదులుకుంటే పిల్లా వదులుకున్నట్టే. నీ విషయంలో ఇది నీకు అనుకూలం. మీరిద్దరూ టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లోనే ఉన్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, ట్యాక్స్ కడుతున్నారు, పాప గది అలాగే ఉంది. కానీ అనుకూలంగా ఉన్న మాటని కాగితం మీద పెట్టకపోతే ఎయిర్‌పోర్టులో అది ఎవరికీ కనిపించదు.

ఆ కాగితం పేరు రీ-ఎంట్రీ పర్మిట్, అంటే ఎక్కువ కాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి పత్రం. దానికి వేసే దరఖాస్తు ఫారం ఐ-131. ఇది దరఖాస్తు చేసే రోజున పాప అమెరికాలో ఉండి తీరాలి. తెనాలి వెళ్లాక గుర్తొస్తే ఇక్కడ నువ్వు వేయలేవు, అక్కడ మీ నాన్న వేయలేరు. పాపకి పద్నాలుగు నిండలేదు కాబట్టి దాని బదులు నువ్వు సంతకం పెట్టొచ్చు. బయోమెట్రిక్స్, అంటే వేలిముద్రలు, ఫొటో, పద్నాలుగేళ్లు నిండినవాళ్లకే గానీ, పాప పేరున నోటీసు వస్తే మాత్రం వెళ్లాల్సిందే. అందుకే రసీదు రాగానే పరిగెత్తకుండా కొన్ని వారాలు ఆగు. పర్మిట్ తయారయ్యేదాకా పాప ఇక్కడే ఉండక్కర్లేదు. దాన్ని అక్కడి కాన్సులేట్‌కి పంపమని ఫారంలోనే అడగొచ్చు.

మామూలుగా రెండేళ్లకి ఇస్తారు, ఆ రెండేళ్లూ జారీ అయిన రోజు నుంచి మొదలవుతాయి. పొడిగించరు. ఇంకోటి కావాలంటే పాప మళ్లీ ఇక్కడికి రావాలి. చేతిలో చెల్లే పర్మిట్ ఉంటే, "ఇన్నాళ్లు బయటున్నావు కాబట్టి వదులుకున్నావు" అని కేవలం ఆ కారణం మీద అనడానికి వీల్లేదు. కానీ పర్మిట్ ఉన్నంత మాత్రాన లోపలికి రావడం ఖాయమని కూడా కాదు, మిగతా విషయాలు అడగొచ్చు. కాబట్టి చివరి రోజు వరకు లాగకు. మన స్కూళ్లు ఏప్రిల్ చివర్లో మూస్తారు. రెండో వేసవికి పూర్తిగా తెచ్చేసుకునేలా చూసుకో. మొదటి వేసవిలో కూడా ఒక నెలన్నర రప్పించు. పిల్లల డాక్టరుకి, పళ్ల డాక్టరుకి చూపించు. ఆ బిల్లులు కూడా పాప ఇల్లు ఇదేనని చెప్పే సాక్ష్యాలే. అసలు సంగతి, నువ్వు దాన్ని చూడకుండా ఏడాది ఉండలేవు.

ఒక ఫైలు పెట్టు. పాప ఎందుకు వెళుతోంది, ఏ నెలలో తిరిగొస్తుంది అని మీరిద్దరూ సంతకం పెట్టి నోటరీ చేయించిన ఉత్తరం, ఇంటి లీజు, పాపని డిపెండెంట్‌గా చూపించిన ట్యాక్స్ రిటర్నులు, ఇక్కడి స్కూలు నుంచి తీసుకున్న లెటర్, రెండువైపులా టికెట్లు. ట్యాక్స్ మాత్రం రెసిడెంట్లుగానే కట్టండి. నాన్-రెసిడెంట్ అని ఫైల్ చేస్తే మీ చేత్తో మీరే వదులుకున్నామని రాసిచ్చినట్టు. మా వాడి పాత బోర్డింగ్ పాసులు నేను ఇప్పటికీ పారేయలేదు. సిరా వెలిసిపోయి అక్షరాలు కనపడవు, అయినా పారేయబుద్ధి కాదు.

తిరిగి వచ్చేటప్పుడు పాపతో ఎవరొస్తారో ఇప్పుడే అనుకోండి. వీలైతే నువ్వే వెళ్లి తెచ్చుకో. మీ నాన్న తీసుకొస్తే, ఆయన చేతికి మీ ఇద్దరి అనుమతి పత్రం ఇవ్వండి, ఏం అడుగుతారో చెప్పి పంపండి. "పిల్ల ఎక్కడుంటుంది" అని ఆఫీసరు అడిగితే కంగారులో "తెనాలిలో" అనేస్తారు పాపం. ఉన్నది ఉన్నట్టు చెప్పమను: అమ్మానాన్న టెక్సాస్‌లో ఉంటారు, కొన్నాళ్లు మా దగ్గర ఉంచారు, ఇప్పుడు ఇంటికి వస్తోంది అని. ఎప్పుడైనా ఎవరైనా ఐ-407 అనే ఫారం ముందు పెట్టి సంతకం చేయమంటే ఎవరూ చేయకూడదు. అది కార్డు స్వచ్ఛందంగా వదులుకుంటున్నామని రాసిచ్చేది. సంతకం పెట్టకుండా ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటామని అడిగే హక్కు ఉంది. పిల్ల పేరున సంతకం పెట్టే హక్కు మీకే గానీ మీ నాన్నకి లేదని ఆయనకి అర్థమయ్యేలా చెప్పు.

ఇంకా పెద్ద సంగతి సిటిజన్‌షిప్. మీకు గ్రీన్ కార్డ్ వచ్చి ఏడాదే అయింది, అయిదేళ్లు నిండాక మీరు వేసుకుంటారు. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, తల్లిదండ్రుల్లో ఒకరు సిటిజన్ అయితే గ్రీన్ కార్డ్ ఉన్న పిల్ల తనంతట తనే సిటిజన్ అయిపోతుంది. వేరే పరీక్ష లేదు, ప్రమాణం లేదు. కానీ పద్దెనిమిది నిండకముందే, ఆ పిల్ల అమెరికాలో, ఆ సిటిజన్ తల్లి దగ్గరో తండ్రి దగ్గరో ఉంటూ ఉండాలి. మీరు ప్రమాణం చేసే రోజుకి పాప తెనాలిలో ఉంటే ఆ రోజు దానికి ఏమీ రాదు. తర్వాత కార్డు చెల్లుబాటులో ఉండగా వచ్చి మీతో ఉంటే అప్పుడు వస్తుంది. మా గుడికి వచ్చే ఒకావిడ కూతురు ఎన్నారై కోటాలో మెడిసిన్‌కని హైదరాబాద్ వెళ్లింది. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. రెండుసార్లు రెండేళ్ల పర్మిట్ ఇచ్చారు, మూడోసారి ఒక్క ఏడాదే. గ్రీన్ కార్డ్ వచ్చాక గడిచిన అయిదేళ్లలో నాలుగేళ్లకి మించి బయటున్నవాళ్లకి అంతే ఇస్తారు. ఈలోపు ఆ అమ్మాయికి పద్దెనిమిది దాటిపోయింది, వీళ్లకి సిటిజన్‌షిప్ వచ్చినా అమ్మాయికి రాలేదు. ఆవిడ ఆ సంగతి చెబుతూ ప్రసాదం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "రెండేళ్లే" అని మొదలైనవి ఎలా సాగుతాయో చూశాను కాబట్టి అడుగుతున్నాను, మీరిద్దరూ కూర్చుని తిరిగొచ్చే నెల ఏదో ఇప్పుడే తేల్చుకోండి.

మీ ఆడపడుచు కాన్పుకి ఊరెళ్తోందని కూడా విన్నాను. ఆవిడకి ఈ మాట చేరవెయ్యి. గ్రీన్ కార్డ్ ఉన్న తల్లి తాత్కాలికంగా వెళ్లినప్పుడు అక్కడ పుట్టిన బిడ్డ విడిగా వీసా లేకుండానే రావచ్చు. కానీ తల్లి మొట్టమొదటిసారి తిరిగొచ్చేటప్పుడే బిడ్డని వెంట తెచ్చుకోవాలి, బిడ్డ పుట్టి రెండేళ్లు దాటకూడదు. "ముందు నేను వెళ్తా, బిడ్డని అమ్మ తర్వాత తెస్తుంది" అంటే ఆ దారి మూసుకుపోతుంది. బిడ్డ పాస్‌పోర్టు, తల్లిదండ్రుల పేర్లున్న బర్త్ సర్టిఫికెట్ చేతిలో ఉంచుకోవాలి.

టికెట్లు ఇంకా కొనలేదని మీ అమ్మ చెప్పింది. కొనకు. పాప పాస్‌పోర్టు గడువు చూడు. పిల్లలకి అయిదేళ్లకే ఇస్తారు, మధ్యలో అయిపోయేలా ఉంటే ఇక్కడే రెన్యూ చేయించి పంపు, అక్కడ మీ ఇద్దరి సంతకాల కోసం మీ నాన్న తిప్పలు పడతారు. శనివారం పొద్దున నాకు పనేం లేదు. ఐ-131 ముందు పెట్టుకుని వీడియో కాల్ చెయ్యి, ఒక్కో గడీ ఇద్దరం కలిసి నింపుదాం. పోస్టు చేసేముందు ఒకసారి లాయరుకి చూపిద్దాం, నాకు తెలిసినాయన ఉన్నారు. పాపని కూడా పక్కన కూర్చోబెట్టుకో, దాన్ని చూసి చాలా రోజులైంది.

పెద్దమ్మ