గంట రికార్డింగ్‌కు ఎంత అడగాలి?

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ. పెళ్లికి ముందు నల్లగొండలో ఒక డీటీపీ సెంటర్‌లో పనిచేశాను. అను ఫాంట్లలో తెలుగు టైపింగ్ స్పీడుగానే వస్తుంది. ఇద్దరు చిన్నపిల్లలు, బయటికి పోయి చేసే వీలు లేదు. ఇంట్లోనే ఉండి ఆడియోలు విని టైపు చేసే పని పెట్టుకుందామనుకుంటున్నా. ఒకాయన నిమిషానికి నాలుగు రూపాయలు ఇస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా? ఇప్పుడు కంప్యూటరే విని రాస్తుందంట కదా, ఇంక మనకు పని ఉంటుందా?
- ఒక సోదరి, దేవరకొండ

జవాబు: ఆ నిమిషం ఎవరి నిమిషమో ముందు తేల్చుకో చెల్లె. ఈ పనిలో లెక్క ఆడియో నిమిషానికి, నువ్వు కూర్చున్న నిమిషానికి కాదు. ఇద్దరే మాట్లాడిన గంట రికార్డింగ్, మాట స్పష్టంగా ఉంటే, చేయి తిరిగినవాళ్లకు కూడా నాలుగు గంటల పని. అరుగు మీద నలుగురు కూర్చుని ఒకరి మాట మీద ఒకరు పడుతుంటే, వెనక ట్రాక్టరు పోతుంటే, ఆరేడు గంటలు. మధ్యరకంగా ఐదు అనుకుందాం. ఆయన చెప్పిన రేటుకు గంట ఆడియోకు 240 రూపాయలు వస్తాయి. నీ గంటకు పడేది 48. కరెంటు, నెట్టు అందులోనే. గంటకు వంద మిగలాలంటే ఆడియో నిమిషానికి తొమ్మిది రూపాయలకు తగ్గొద్దు.

బేరం ఆడేముందు పది నిమిషాల ముక్క ఒకటి తెప్పించుకుని టైపు చెయ్యి. మళ్లీ మొదటి నుంచి వింటూ దిద్దు. దిద్దిన టైం కూడా కలుపుకుని గడియారం చూడు. యాభై నిమిషాలు దాటితే రేటు ఇంకా పెంచాల్సిందే. దగ్గులు, తడబాట్లతో సహా ఉన్నదున్నట్టు కావాలా, సాఫు చేసి ఇవ్వాలా? ఎవరి మాట ఎవరిదో పేరు పెట్టాలా? మధ్యమధ్యలో టైం వెయ్యాలా? ఇవి కూడా ముందే అడుగు. పని అయ్యాక అడిగితే ఫ్రీగా చేయించుకుంటారు.

కంప్యూటర్ రాస్తుంది, నిజమే. 2022లో వచ్చిన విస్పర్ లాంటి, ఆడియో విని రాసే ప్రోగ్రాములు తెలుగు కూడా రాస్తున్నాయి. స్టూడియోలో చదివిన వార్తలైతే చాలావరకు పట్టుకుంటాయి. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్‌తో నడుము వంగిన ముసలాయన మాటలు పెట్టి చూడు. కొన్ని మాటలు వేరేవి అయిపోతాయి, కొన్ని ఎగిరిపోతాయి. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినచోట, ఆయన అననే అనని వాక్యం ఒకటి పుట్టించే ప్రమాదమూ ఉంది. ఆ వాక్యం చదవడానికి చక్కగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆడియో బాగుంటే మెషీన్ రాసింది ముందు పెట్టుకుని దిద్దుకో, టైం కలిసొస్తుంది. కానీ పని ఇచ్చినవాళ్లను అడగకుండా ఏ వెబ్‌సైట్‌లోకీ ఆడియో ఎక్కించొద్దు. రోగాల సంగతులు, ఇంటి గొడవలు నమ్మి చెప్పినవి ఉంటాయి అందులో.

నన్నడిగితే ఇంగ్లీషు మెడికల్ ఫైళ్ల వెంట పడకు. నీకు కూలి తెచ్చేది నీ చెవి. 1946-51 సాయుధ పోరాటం గురించి పెద్దవాళ్లు చెప్పినా, వాళ్ల పిల్లలు చెప్పినా పట్వారీ, పహాణీ, ఖుష్కి, తరి అంటూ భూముల లెక్కల మాటల్లో పోతారు. పోచంపల్లి నేతవాళ్లు ఆసు, పడుగు, పేక అంటారు. పాలమూరు నుంచి బొంబాయి వలసపోయినవాళ్లు మేస్త్రీ అడ్వాన్సు దగ్గర మొదలుపెడతారు. ఇవి వినీ వినీ పెరిగినదానివి నువ్వు. దూరపు టైపిస్టు అక్కడే ఆగిపోతుంది. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉన్నాయి. ఊళ్లు తిరిగి ఇంటర్వ్యూలు రికార్డు చేసుకొచ్చే పీహెచ్‌డీ పిల్లలను అక్కడ అడిగి చూడు. డాక్యుమెంటరీలు తీసేవాళ్లు, యూట్యూబ్ ఛానళ్లకు సబ్‌టైటిల్స్ కావలసినవాళ్లు కూడా ఉంటారు. మీ చుట్టూ తండాలు కదా, లంబాడి మాట తెలిస్తే రేటు ఇంకా గట్టిగా అడుగు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో: డీటీపీలో భాష దిద్దిన అలవాటు ఇక్కడ పనికిరాదు. వాళ్లు అన్నది అన్నట్టే ఉండాలి.

అను ఫాంట్లలో కొట్టి ఇస్తే చాలామంది తీసుకోరు, ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్ కావాలి. భయం లేదు, అనులో నీకు అలవాటైన 'యాపిల్' అనే కీల వరసతోనే యూనికోడ్ కొట్టే సాధనాలు ఉన్నాయి. ఆడియో వింటూ టైపు చేయడానికి ఓట్రాన్‌స్క్రైబ్ అనే సాధనం చాలు, ఉచితం. ఎస్కేప్ నొక్కితే ఆగుతుంది, ఎఫ్3 నొక్కితే మెల్లగా నడుస్తుంది. టైపు చేసింది బ్రౌజర్‌లోనే దాస్తుంది, అందుకని పని మీది నుంచి లేచినప్పుడల్లా వర్డ్‌లోకి కాపీ చేసుకో. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ మంచిది కొను. ఆడియోను కాలితో ఆపి నడిపే పెడల్ ఇప్పుడే వద్దు. నా దగ్గర ఉంది, కుట్టుమిషన్ అలవాటున్న కాలు కాబట్టి నాకు నచ్చింది, కానీ అది లేకున్నా పని ఆగదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా చేసుకోవచ్చు. జీఎస్టీ గొడవ ఏడాదికి 20 లక్షలు దాటినప్పుడు, అప్పుడు మాట్లాడుకుందాం!

ప్రశ్న: మా అమ్మాయికి ఆడియో టైపింగ్ పని ఇస్తామని ఫోన్ వచ్చింది. 2,000 కట్టి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలట. కట్టమంటారా?
- రిటైర్డ్ టీచర్, వనపర్తి

జవాబు: వద్దు సార్. పని ఇచ్చేవాడు డబ్బులు ఇస్తాడు, తీసుకోడు. కట్టాక ఫైళ్లు వస్తాయి, పని అయ్యాక తప్పులు ఎక్కువున్నాయంటారు, అగ్రిమెంట్ తప్పారని వాట్సాప్‌లో వకీలు నోటీసు పంపి ఇంకో పదివేలు అడుగుతారు. అమ్మాయి ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే ఆ నోటీసుకు భయపడి డబ్బు పంపొద్దు. కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. ఫోన్ నంబర్లు, మెసేజ్‌లు, అగ్రిమెంట్ ఏదీ డిలీట్ చేయనివ్వకండి. ఫిర్యాదుకు అవన్నీ కావాలి.