పాత కోనన్ కామిక్ దొరికింది, మళ్లీ చదవొచ్చా?

ప్రశ్న: అన్నా, మా చిన్నాయన ట్రంకుపెట్టెలో పాత కోనన్ కామిక్ ఒకటి దొరికింది, అట్ట లేదు, అంతా బ్లాక్ అండ్ వైటు. ఎత్తైన టవర్, సింహాలు, పే...ద్ద సాలీడు, లోపల ఏనుగు తల ఉండే ఒకాయన. చిన్నప్పుడు కత్తియుద్ధాల కోసం చదివింటి. ఇది ఏ కథ? కలర్లో కూడా ఉందంటారు, ఏది మేలు? ఇప్పుడు చదివితే బాగుంటుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తప్పకుండా చదువప్పా. నువ్వు చెప్పిన గుర్తుల్ని బట్టి అది ‘ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్’. కత్తివీరుడు కోనన్ని సృష్టించిన రాబర్ట్ ఇ. హోవార్డ్ కథ, 1933లో వియర్డ్ టేల్స్ పత్రికలో వచ్చింది. అమెరికా కామిక్స్ కంపెనీ మార్వెల్ వాళ్లు రెండుసార్లు బొమ్మల్లో పెట్టినారు. 1971లో కలర్లో, బ్యారీ స్మిత్ బొమ్మలతో. నీ దగ్గరుండేది 1977 నాటి సావేజ్ స్వోర్డ్ ఆఫ్ కోనన్ 24వ సంచిక అయ్యుంటుంది, జాన్ బుస్సెమా పెన్సిల్‌తో గీస్తే దాని మీద ఫిలిప్పీన్స్ ఆర్టిస్టు అల్ఫ్రెడో అల్కాలా ఇంకు వేసినాడు. రెండిటికీ రాత రాయ్ థామస్‌దే.

కత్తియుద్ధాల కోసం చదివినానంటివే, ఈసారి చూడు, అసలు మాంత్రికుడు యారా మీద కోనన్ కత్తే ఎత్తడు. మణి కొట్టేద్దామని మన కొండారెడ్డి బురుజు కంటే ఎత్తుండే టవరెక్కుతాడు, తోడొచ్చిన దొంగ టారస్ సాలీడు విషానికి చచ్చిపోతాడు, ఇంకా లోపలికి పోతే నువ్వు చెప్పిన ఏనుగు తలాయన యాగ్-కోషా, వేరే గ్రహం నుంచి వచ్చిన జీవి, కళ్లు పోయినాయి, చిత్రహింసలకి కాళ్లూ చేతులూ చితికిపోయినాయి, తనకి విద్య నేర్పిన గురువుకి యారా పట్టించిన గతి అది. ఆ గుడ్డి జీవి తొండం చాపి కోనన్ మొహం, భుజాలు మెల్లగా తడుముతుంది. చిన్నప్పుడు ఈ పేజీ గబగబా తిప్పేస్తాం, ఇప్పుడు ఆడనే ఆగిపోతావు. నన్ను చంపెయ్యి నాయనా అని ఆయనే అడిగితే, అప్పుడు దూస్తాడు కత్తి. ఆ గుండె రక్తం మణి మీద పిండి యారా ముందు పెడితే, వాడు కుంచించుకుపోయి మణిలోకే పడిపోతాడు. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటే, ఇక్కడ మాంత్రికుడే మణిలో ఇరుక్కుంటాడు! దొంగతనానికి వచ్చినోడు ఉత్త చేతుల్తో బయటపడతాడు.

కలర్‌ది దొరికితే అదీ చూడు, కానీ పేజీలు తక్కువ, కథ పరుగెత్తుతుంది. నా ఓటు నీ దగ్గరుండేదానికే. అది మ్యాగజైన్ సైజులో వచ్చేది, హింస, భయం ఎంత చూపొచ్చో చెప్పే అప్పటి అమెరికా కామిక్స్ కోడ్ కట్టడి దానికి లేదు, ఆ గది చీకటి అల్కాలా ఇంకులోనే బాగా కుదిరింది. అట్ట పోయిందని సెల్లోటేపు మాత్రం వేయొద్దు, కాగితం పచ్చబడి చెడిపోతుంది. పిన్నులు తుప్పు పట్టింటే నిదానంగా ఊడదీసి దారంతో కుట్టు.