కాల్గరీకి సామాను కట్టే ముందు ఆఫర్ లెటర్ చేతిలో ఉండాలి

సందేహం: మేం పీఆర్ (శాశ్వత నివాస హక్కు) మీద కెనడా వచ్చి ఏడాది కావస్తోంది. టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్‌లో ఉంటున్నాం. నేను ఇండియాలో ప్లానింగ్ ఇంజినీరుగా చేశాను, ఇక్కడ వేర్‌హౌస్‌లో షిఫ్టులు చేస్తున్నాను. మా ఆవిడ ఒక బ్యాంకు కస్టమర్ కేర్‌లో చేస్తోంది. కాల్గరీలో ఉన్న స్నేహితుడు ‘ముందు వచ్చెయ్, ఉద్యోగం అదే దొరుకుతుంది, అప్పటిదాకా మా ఇంట్లో ఉండొచ్చు’ అంటున్నాడు. వెళ్ళి వెతుక్కోవాలా, ఇక్కడి నుంచే వెతకాలా? పాప స్కూలు, చలి, అక్కడ మనవాళ్ళ సంగతి కూడా చెప్పండి.

జవాబు: తమ్ముడూ, అక్కడి నుంచే వెతకండి. మీ స్నేహితుడు మంచివాడే అయ్యుంటాడు, కానీ మీ అద్దె ఆయన కట్టడు.

మా సంగతి చెబుతాను, ఎందుకంటే మీరు రాసిన ఉత్తరం చదువుతుంటే మా ఆయన మాటలే వింటున్నట్టు అనిపించింది. మేం 2014లో మీ పక్కనే, మిస్సిస్సాగాలో దిగాం. ఆయన కాకినాడలో పైపింగ్ డిజైనర్. నాకు అకౌంట్స్ తెలుసు. ఏడాది తిరిగేసరికి నాకు ఒక చిన్న ఆఫీసులో బిల్లుల పని దొరికింది, ఆయనకి ఏదో ఫ్యాక్టరీలో పని. సరిగ్గా అప్పుడే కాల్గరీలో ఉన్న ఒకాయన ఫోన్ చేసి, ఇక్కడ ఆయిల్ కంపెనీల్లో డిజైనర్లకి జీతాలు ఎలా ఉంటాయో తెలుసా అని మొదలుపెట్టాడు. ఆయన చెప్పినవి నిజమే. కాకపోతే అవి రెండేళ్ళ కిందటి జీతాలు. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న బ్యారెల్ ధర, మేం ఇల్లు ఖాళీ చేసేనాటికి సగానికి సగం పడిపోయింది. 2016 జనవరిలో ముప్పై కిందకి కూడా దిగింది. డౌన్‌టౌన్ టవర్లలో అంతస్తులకి అంతస్తులు ఖాళీ అవుతున్నాయి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు రోడ్డున పడుతుంటే, మేం ఉన్న రెండు ఉద్యోగాలూ మానేసి, వ్యాన్‌కి డబ్బు కట్టి మరీ అక్కడికి వెళ్ళాం. పేపర్లో రోజూ వస్తున్న వార్తే. చదివాం కూడా. మన ఉద్యోగానికీ దానికీ సంబంధం ఏమిటిలే అనుకున్నాం.

మొదట ఆ స్నేహితుడింట్లోనే దిగాం. వాళ్ళావిడ రెండు వారాలు బాగానే చూసింది. మూడో వారం నుంచి గిన్నెల చప్పుడు పెరిగింది. ఆవిడ తప్పేం లేదు, నేనైనా అంతే. ఇల్లు చూసుకుందామంటే, ఎక్కడికెళ్ళినా ఓనర్లు జీతం కాగితం చూపించమన్నారు. కాల్గరీ ఉన్న అల్బెర్టా రాష్ట్రంలో డిపాజిట్ ఒక నెల అద్దె కన్నా ఎక్కువ అడగకూడదు, ఆ రూలు మంచిదే. కానీ జీతం లేనివాడికి అసలు ఇల్లిచ్చేదెవరు? చివరికి కాల్గరీ నార్త్‌ఈస్ట్‌లో ఒక పంజాబీ పెద్దాయన దయతలచి బేస్‌మెంట్ ఇచ్చాడు. అక్కడ కూర్చుని నేను చేసిన పని ఒక్కటే, లెక్కలు. డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దని అందరూ చెబుతారు. నేను మార్చేదాన్ని. ఇప్పటికీ మారుస్తాను. ఇండియా నుంచి తెచ్చుకున్నది, మా నాన్న పొలం అమ్మి ఇచ్చిన దాంట్లో నా వాటా, కరిగిపోతుంటే నిద్ర ఎలా పడుతుంది? ఈఐ, అంటే ఉద్యోగం పోయినవాళ్ళకి ప్రభుత్వమిచ్చే భృతి, వస్తుందిలే అనుకున్నాం. సరైన కారణం లేకుండా ఉద్యోగం మనంతట మనం మానేస్తే అది రాదని దరఖాస్తు పెట్టాక తెలిసింది. ఆయన ఆ చలికాలమంతా సూపర్ మార్కెట్‌లో రాత్రి షిఫ్టులో సరుకులు సర్దాడు.

గట్టెక్కాం. ఇవాళ సొంత ఇల్లుంది, అప్పు లేని కారుంది, ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. కానీ మేం గట్టెక్కాం కదా అని మీరూ అదే దారి పట్టక్కర్లేదు. ఇప్పటి పిల్లలకి అంత ఓపిక కూడా లేదు, ఏమీ అనుకోకండి.

ఇక చెయ్యాల్సినవి. మొట్టమొదట మీ ఆవిడని వాళ్ళ మేనేజర్‌తో మాట్లాడమనండి. బ్యాంకులకి కాల్గరీలో ఆఫీసులు ఉంటాయి, ట్రాన్స్‌ఫర్ అడగడానికి ఖర్చేమీ లేదు. మీరు పనిచేసే వేర్‌హౌస్ కంపెనీకి కూడా ఇక్కడ బ్రాంచి ఉందేమో చూడండి. కొత్తగా వచ్చినవాళ్ళు ఈ మాట అడగనే అడగరు, మొహమాటం. జీతం ఆగకుండా ఊరు మారే దారి అంతకంటే ఏముంటుంది?

అది కుదరకపోతే బయట వెతకాలి. టొరంటో నంబరు, బ్రాంప్టన్ అడ్రసు చూడగానే ఇక్కడి రిక్రూటర్ పక్కన పెట్టేస్తాడు, వీడు వస్తాడో రాడో అని. నెలకి కొద్ది డాలర్లలో 403 లేక 587 అనే కాల్గరీ కోడ్‌తో ఒక నంబరు తీసుకోండి. రెజ్యూమె పైన అడ్రసు బదులు ‘ఫలానా నెలలో కాల్గరీకి మారుతున్నాను’ అని ఒక్క వాక్యం రాయండి. లింక్డిన్‌లో కూడా ఊరు అలాగే మార్చండి. స్నేహితుడి అడ్రసు పెట్టేసి ఇక్కడే ఉన్నట్టు నటించకండి. రేపు ఉదయం ఇంటర్వ్యూకి రమ్మంటే విమానం టికెట్ ఎంతవుతుందో ఒకసారి చూసుకోండి. వాళ్ళు పది గంటలకి అన్నారంటే మీకు పన్నెండు, అది మర్చిపోవద్దు.

ఒక్క మాట మాత్రం రెజ్యూమెలో రాయకండి: ‘నా సొంత ఖర్చుతో వస్తాను’. నేను రాశాను. అలా రాస్తే త్వరగా పిలుస్తారని ఎవరో చెప్పారు. తర్వాత నాకు మంచి ఉద్యోగం వచ్చినచోట, నా పక్క సీటులో ఉన్నతను విన్నిపెగ్ నుంచి వచ్చాడు. సామాను వ్యానుకీ, మొదటి రెండు వారాల హోటల్‌కీ కంపెనీ డబ్బిచ్చిందట. ఏం చేశావయ్యా అంటే, అడిగాను అన్నాడు. అంతే. మీరూ అడగండి, కాకపోతే ఆఫర్ చెప్పాక అడగండి, ముందు కాదు. ఇచ్చేటప్పుడు ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని రాసి ఉంటుందేమో, సంతకానికి ముందు చదవండి.

ఇంటర్వ్యూల కోసం ఒకే ఒక్కసారి రండి. మొదటి రౌండ్లన్నీ వీడియోలో కానిచ్చి, ఆఖరి రౌండ్లు రెండు మూడు ఒకే వారంలో పెట్టించుకోండి. ఆఖరి రౌండ్ అయితే టికెట్ ఇస్తారా అని అడగడంలో తప్పులేదు. ఎందుకు చెబుతున్నానంటే, వేరే ఊళ్ళో ఉద్యోగం వెతకడానికి పెట్టిన ప్రయాణం ఖర్చు ట్యాక్స్‌లో తగ్గదు. ఇల్లు చూసుకోవడానికి ముందుగా వచ్చిన ఖర్చూ తగ్గదు. ఉద్యోగం కోసం మారినప్పుడు అయ్యే ఖర్చు మాత్రం తగ్గుతుంది. టీ1-ఎం అని ఒక ఫారం ఉంది. కొత్త ఇల్లు కొత్త ఆఫీసుకి పాత ఇంటికంటే కనీసం 40 కిలోమీటర్లు దగ్గరవ్వాలి, బ్రాంప్టన్ నుంచి కాల్గరీ అంటే ఆ బెంగే లేదు. వ్యాను, దారి ఖర్చు, పదిహేను రోజుల దాకా తాత్కాలిక బస, పాత లీజు రద్దు చేసుకోవడానికి కట్టింది, ఇవన్నీ వస్తాయి. కొత్తచోట సంపాదించిన జీతంలోంచే తగ్గిస్తారు, మిగిలితే తర్వాతి ఏడాదికి తీసుకెళ్ళొచ్చు. కంపెనీ ఇచ్చిన డబ్బుకి మళ్ళీ రాసుకోవద్దు. మిగతా వివరాలు కెనడా ట్యాక్స్ శాఖ సీఆర్ఏ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. రసీదులు మాత్రం ఒక కవర్లో దాచండి. మేం బేస్‌మెంట్ ఖాళీ చేసేటప్పుడు ఆ కాగితాలన్నీ చెత్తబుట్టలో పడేశాం, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

డిసెంబర్ 31న మీరు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ ఏడాది మొత్తానికీ అక్కడి ప్రొవిన్షియల్ ట్యాక్సే. కాబట్టి ఏడాది చివర్లో జాయిన్ కమ్మంటే, రెండు చోట్లా ఎంత పడుతుందో లెక్క కట్టి తేదీ మాట్లాడుకోండి.

ఆఫర్ వచ్చిందని వెంటనే ఇద్దరూ రాజీనామా చెయ్యకండి. మొదటి 90 రోజుల్లో నోటీసు లేకుండానే తీసెయ్యొచ్చు ఇక్కడ. మీరొక్కరే రండి, ఒక గది అద్దెకి తీసుకోండి, మీ ఆవిడ అక్కడ ఉద్యోగంలోనే ఉండాలి. రెండు అద్దెలు కదా అంటారు. రెండు అద్దెలు మూడు నెలలే. జీతం లేకుండా ఒక్క అద్దె ఎన్నాళ్ళో ఎవరికి తెలుసు? తర్వాత మీ కోసం ఆవిడ ఉద్యోగం మానేసినా, భర్త వెంట వేరే ఊరు వెళ్ళడం ఈఐకి సరైన కారణాల్లో ఒకటి. మానేసే ముందే, ఈఐ చూసే ప్రభుత్వ ఆఫీసు సర్వీస్ కెనడాలో కనుక్కోండి. మీ బేస్‌మెంట్ ఓనర్‌కి కూడా మామూలుగా 60 రోజుల ముందు రాసివ్వాలి. ఆ తేదీ తప్పితే ఇంకో నెల అద్దె పోయినట్టే.

మీ స్నేహితుడు కాల్గరీలో అమ్మకం పన్ను 5 శాతమే, మీ దగ్గర 13 అని చెప్పే ఉంటాడు. నిజమే. 2022లో అల్బెర్టా ప్రభుత్వం టొరంటోలో పోస్టర్లు వేసి మరీ రండి రండి అని పిలిచింది, జనం వచ్చారు, వాళ్ళతోపాటు అద్దెలూ పెరిగాయి. ఉద్యోగానికి పోటీ కూడా పెరిగింది. ఆయన చెప్పే అద్దె ఏ ఏడాదిదో అడగండి.

హెల్త్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ మార్పు, కారు ఇన్‌స్పెక్షన్ అన్నీ ప్రభుత్వ సైట్లలో స్పష్టంగా ఉన్నాయి. లైసెన్స్‌కి 90 రోజుల గడువు. మీ పనిలో ‘ఇంజినీర్’ హోదా కావాలంటే ఇక్కడి లైసెన్సింగ్ సంస్థ వేరు, అది ముందే చూసుకోండి.

పాప స్కూలు ఇంటి అడ్రసుని బట్టి వస్తుంది, దానికి టెన్షన్ వద్దు. చలి మైనస్ ముప్పై దాకా పోతుంది, మధ్యమధ్య చినూక్ అనే వెచ్చటి గాలి వచ్చి ఒక్కరోజులో మంచు కరిగిస్తుంది, అలవాటైపోతుంది. మనవాళ్ళు బోలెడంతమంది, ఉగాదికి పులిహోర క్యూలో నించోవాలి. సామాను ఎంత తేవాలా అంటారేమో. దూరపు వ్యాన్లు ఎక్కువగా బరువుని బట్టి డబ్బు తీసుకుంటాయి. సోఫా, మంచం అక్కడే అమ్మేసి రండి. గ్రైండర్ బరువైనా తెచ్చుకోండి, ఇక్కడ కొంటే వ్యానుకయ్యే దానికంటే ఎక్కువే అవుతుంది. ఆఫర్ లెటర్ వచ్చాక, సంతకం పెట్టకముందు, రీలొకేషన్ (ఊరు మారే ఖర్చుల) పేరా ఒక్కటి నాకు పంపండి, చూసి చెబుతాను.