50కి దగ్గరపడ్డాక రూమ్మేట్‌తో ఉండటం కుదురుతుందా?

వైజాగ్ బదిలీ అయింది, కుటుంబం రాలేదు, 46 ఏళ్ళ వయసులో ఇంకో మనిషితో ఇల్లు పంచుకుని వేగగలనా అని అడిగారు. నేను వేగుతున్నాను. ఇది మూడో ఏడు. మొదటి మూడు నెలలు మాత్రం ఇద్దరికీ నరకమే.

మాది విజయవాడ, బ్యాంకు ఉద్యోగం. నన్ను వైజాగ్‌లో గాజువాక బ్రాంచికి వేసేనాటికి మా అమ్మాయి విజయవాడలోనే ఇంటర్‌లో చేరిపోయింది. నాకు 49. ఈ వయసువాడికి ఇల్లు ఇట్టే దొరుకుతుందనుకున్నాను. టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తే ప్రతి ఓనరూ అడిగేది ఒకటే, "ఫ్యామిలీ ఎక్కడండీ?" అని. బెజవాడలో అనగానే "బ్యాచిలర్స్‌కి ఇవ్వట్లేదండీ". పెళ్ళయిన 22 ఏళ్ళకు మళ్ళీ బ్యాచిలర్నయ్యాను! చివరికి మా బ్రాంచి కస్టమర్ ఒకాయన, రెండు పడగ్గదుల ఇంట్లో ఒక్కరే ఉంటున్న పెద్దమనిషి దగ్గరకు తీసుకెళ్ళాడు. టెక్కలి వైపు ఆయన. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టు డ్యూటీ. ఆయన నన్ను మేస్టారూ అంటారు, నేనూ ఆయన్ని మేస్టారూ అనే అంటాను. ఇద్దరిలో ఎవరం బడిలో పాఠం చెప్పింది లేదు, ఈ ఊళ్ళో పిలుపు అంతే.

నేను ఎవరితోనైనా సర్దుకుపోయే మనిషినని నాకు గట్టి నమ్మకం ఉండేది. అది ఒక పళ్ళెంతో పోయింది.

రాత్రి తిన్నాక పళ్ళెం సింకులో పెట్టి నీళ్ళు పోసి వెళ్ళిపోవడం నా అలవాటు. పొద్దున్నకి అది కడిగి బోర్లించి ఉండేది. పనిమనిషి లేదు మాకు. ఎవరు కడుగుతున్నారని నాకు అనుమానం కూడా రాలేదు. మూడు వారాలయ్యాక ఒక పొద్దున చూస్తే ఆయన పళ్ళెం తళతళలాడుతూ స్టాండులో ఉంది, నాది సింకులోనే ఉంది. నీళ్ళు పోయడం మర్చిపోయినట్టున్నాను, పప్పు అంచున ఎండి అట్టకట్టింది, దాని మీద రెండు చీమలు. ఆయన ఒక్క మాట అనలేదు. ఆ పప్పు గోకుతూ ఉంటే అర్థమైంది, మా ఇంట్లో సర్దుకుపోయేది నేను కాదు, మా ఆవిడ అని. ఫోన్ చేసి చెబితే ఆవిడ అరనిమిషం నవ్వి, "ఇప్పటికి తెలిసిందా" అంది.

కాబట్టి వెళ్ళే ముందు మీ ఇంట్లోవాళ్ళని అడగండి, మీతో కష్టం ఏమిటని. మనకు మన అలవాట్లు కనిపించవు.

తర్వాత గొడవ కిటికీ. సముద్రం గాలి వల్ల ఇక్కడ ఉక్కపోత ఎక్కువ, చెమట ఆరదు. నాకు కిటికీలు బార్లా తీసి ఉండాలి. తీస్తే ఇల్లంతా దుమ్ము, సాయంత్రమైతే దోమలు, అందుకని ఆయన మూసేస్తారు. నేను తీయడం, ఆయన మూయడం, పైకి ఇద్దరం మర్యాదగా నవ్వుకోవడం. నెల రోజులు నడిచింది ఈ నాటకం. చివరికి నేనే 'మేస్టారూ, నాకు ఊపిరాడట్లేదు' అన్నాను. ఆయన, "ఆ మాట ముందే సెప్పొచ్చు కదండీ" అన్నారు. హాలు కిటికీలకి దోమల మెష్ కొట్టించాం, ఖర్చు చెరిసగం. మనసులో పెట్టుకుని తిరిగేకంటే అడిగేయడమే నయం. ఈ వయసులో మొహమాటం కుర్రాళ్ళకంటే మనకే ఎక్కువ, అదో జబ్బు.

డబ్బు సంగతి ఒక్కటే చెబుతాను. అద్దె సగం సగం సరే, కరెంటు బిల్లు మాత్రం అలా పంచకండి. ఏసీ నా గదిలో ఉంది. యూనిట్లు పెరిగేకొద్దీ పై స్లాబు రేటు పడుతుంది కదా, నా ఏసీకి ఆయనెందుకు కట్టాలి? నా గదికి చిన్న సబ్‌మీటరు పెట్టించాను.

ఆయనకి నైట్ షిఫ్టు ఉన్న వారం పగలు కుక్కర్ పెట్టను. విజిల్‌కి ఆయన ఉలిక్కిపడి లేచిన రోజు ఆ మొహం చూస్తే మీరూ పెట్టరు. పప్పు నానబెట్టి విడిగా ఉడికించుకుంటాను. వంటలోనూ తేడా ఉంది. నా పప్పు ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన "ఇంత కారమేటండి బాబూ" అని మంచినీళ్ళకి పరిగెత్తారు. ఆయన పప్పులో బెల్లం ముక్క పడుతుంది. ఇప్పుడు తాలింపుకి ముందే రెండు గిన్నెల్లోకి తీస్తాం.

మన వయసులో ఇది తప్పనిసరి: మందుల సంగతి దాచకండి. నాకు సుగర్, ఆయనకి బీపీ. ఇద్దరి మాత్రల పేర్లు, ఇంటివాళ్ళ నంబర్లు ఫ్రిజ్ మీద అంటించాం. నాకు సుగర్ పడిపోయి చెమటలు పట్టి చేతులు వణికితే, స్పృహలో ఉంటే, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇమ్మని, పావుగంటకి మళ్ళీ సుగర్ చూడమని చెప్పి ఉంచాను. ఒక రాత్రి ఆయన అదే చేశారు. మాట తెలివి లేకుండా పడిపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి చేయమనీ చెప్పాను. ఆ అవసరం ఇంతవరకు రాలేదు.

ఆయన ప్రతి ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తారు, 32 కిలోమీటర్లు. కిందటేడు నేనూ జేబులో బిస్కెట్లు వేసుకుని బయల్దేరాను. అప్పుఘర్ దాకా నడిచి ఆటో ఎక్కేశాను. ఆ సంగతి ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు.

ఇంటివాళ్ళ రాకపోకల గురించి కూడా ముందే అనుకోండి. మామూలుగా రెండో, నాలుగో శనివారాలకి ముందు రాత్రి దువ్వాడలో రైలెక్కి నేనే వెళ్తాను. మా వాళ్ళు వచ్చే వారం ఆయన లీవు పెట్టి టెక్కలి వెళ్తారు. మొన్న సంక్రాంతి తర్వాత మా ఆవిడ వచ్చి నాలుగు రోజులుంది. మొదటి రాత్రి అన్నం తిని, పళ్ళెం తీసుకెళ్ళి కడుగుతున్నాను. వెనక అలికిడైతే తిరిగి చూశాను. గుమ్మంలో నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తోంది, అమ్మాయికి పంపడానికి.